మూడు రోజులు ఫోను లేకుండా అంతర్వేది తీరంలో: ముందు సముద్రమా, ముందు చుట్టాలా?

ఉప్పుగాలి (హైదరాబాదు)

అందరికీ నమస్కారం. సంక్రాంతి రద్దీ తగ్గి, మాఘమాసంలో జరిగే అంతర్వేది తీర్థం ఇంకా మొదలు కాని రోజులు చూసుకుని, నేనూ నా భార్యా అయిదు రోజులపాటు కోనసీమకు వెళ్ళి వచ్చాము. అందులో తీరంలో గడిపిన మూడు రోజులూ మా ఇద్దరి చేతుల్లోనూ ఫోను లేదు.

మాకు పెళ్ళయి పదకొండేళ్ళయింది, ఇద్దరమూ ఉద్యోగస్థులమే. ఒకే మంచం మీద కూర్చుని, చెరొక ఫోనులో తలదూర్చి, రాత్రి పదకొండింటికి "ఇక పడుకుందామా" అన్న ఒక్క మాటతో రోజు ముగించడం మాకు ఎప్పుడు అలవాటయిందో గుర్తు లేదు. పోయిన దసరాకు ఎక్కడికైనా వెళదామా అని నేనంటే, "ఫోన్లు వెంట వస్తే ఏ ఊరు వెళ్ళినా ఈ గదిలో ఉన్నట్టే కదా" అని ఆవిడ అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది.

నా భార్య పెద్దమ్మగారి ఇల్లు రాజోలు దగ్గర ఒక పల్లెలో ఉంది. ముందు మూడు రోజులు సముద్రం ఒడ్డున ఉండి, తిరుగు ప్రయాణంలో పెద్దత్తయ్యగారిని, పెద్దమావయ్యగారిని చూసి రావాలని మేము అనుకున్నాము. ఈ సంగతి ఫోనులో చెప్పగానే పెద్దత్తయ్యగారు నొచ్చుకున్నారు. "ఇంటి ముందు నుంచి వెళుతూ గడప తొక్కకుండా సముద్రానికి పోతారా అల్లుడుగారూ? ముందు ఇంటికి వచ్చి భోజనం చెయ్యండి. సముద్రం ఎక్కడికీ పోదు" అన్నారు. ఆవిడ మాట కాదనలేక క్రమం మార్చుకున్నాము.

రాత్రి రైలెక్కి తెల్లవారి నరసాపురంలో దిగాము. మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కి, మోటారు సైకిళ్ళ మధ్య, పాల క్యాన్ల మధ్య నిలబడి వశిష్ఠ గోదావరి దాటుతూ ఉంటే, మంచులో అవతలి సఖినేటిపల్లి గట్టు మీది కొబ్బరి చెట్ల తలలు మాత్రమే కనిపించాయి. రెండు రోజులు పెద్దత్తయ్యగారింట్లో ఉన్నాము. మూడోనాడు ఉదయం తీరానికి బయలుదేరేటప్పుడు ఫోన్లు రెండూ ఆపేసి ఆవిడ చేతిలో పెట్టాము. ఆవిడ వాటిని పసుపు గుడ్డలో చుట్టి, ఇనప బీరువాలో పట్టుచీరల కింద పెట్టి, తాళంచెవి కొంగున ముడి వేసుకున్నారు.

ముందుగా మాట్లాడుకున్న బసలో ఆ రాత్రే ఏదో వేడుక జరిగి, పన్నెండు దాటేవరకూ మైకు మోగుతూనే ఉంది. మర్నాడే పెద్దమావయ్యగారికి తెలిసినవారి కొబ్బరితోటలో ఉన్న రెండు గదుల పెంకుటింటికి మారిపోయాము. అక్కడి నుంచి ఒడ్డుకు పది నిమిషాల నడక. మొదటిరోజు నా చెయ్యి దానంతట అదే చొక్కా జేబు వైపు ఎన్నిసార్లు వెళ్ళిందో చెప్పలేను. రెండోరోజు సాయంత్రం నీరు బాగా వెనక్కి తీసినప్పుడు, తడి ఇసుక మీద చిన్నచిన్న పీతలు చేసిన ఇసుక ఉండలు కనిపించాయి. గోళీలో సగమైనా ఉండవు. ప్రతి కన్నం చుట్టూ ముగ్గు వేసినట్టు వరుసలు తీరి ఉన్నాయి. మేమిద్దరమూ గొంతుకు కూర్చుని, ఒక్క పీత బయటకు వచ్చి ఇసుక నోట పెట్టుకుని, ఉండ చేసి పక్కకు నెట్టేదాకా కదలకుండా చూశాము. అంతసేపు ఇద్దరమూ ఒకే వస్తువును చూసి ఎన్నాళ్ళయిందో!

ఇప్పుడు నా సందేహం చెబుతాను. ముందు చుట్టాలను చూసి తరువాత ఏకాంతానికి వెళ్ళడమే మాకు మేలు చేసిందని నాకు అనిపిస్తోంది. మనసులో "ఇంకా వాళ్ళింటికి వెళ్ళాలి" అన్న బరువు లేదు. మీ అనుభవం ఏమిటో తెలుసుకోవాలని ఉంది.

రాజోలు ఆడపడుచు (బెంగళూరు)

ఉప్పుగాలి గారూ, మీ పెద్దత్తయ్యగారి కొంగుముడి చదివి మా అమ్మ గుర్తుకు వచ్చింది. మా వైపు ఇంటికి వచ్చినవాళ్ళు ముందు కాళ్ళు కడుక్కుని అన్నం తినాలి, మిగిలిన పనులన్నీ ఆ తరువాతే. మీరు సముద్రం ముందు చూసి వచ్చి ఉంటే, ఆవిడ మిమ్మల్ని ఏమీ అనేవారు కాదు కానీ, ఆ మూడు రోజులూ "ఎక్కడ తింటున్నారో" అని వీధిలోకి చూస్తూ ఉండేవారు.

ఇంకొక కారణం కూడా ఉండవచ్చు. మా ఊళ్ళలో ఒక వయసు దాటినవాళ్ళు సముద్రం ఒడ్డున రాత్రి పడుకుంటామంటే భయపడతారు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చినప్పుడు నాకు పదేళ్ళు. మా పెంకులు లేచిపోయాక నాన్న మమ్మల్ని పక్కింటి డాబాలోకి చేర్చారు. తెల్లవారి తలుపు తీసి చూస్తే తోటలో నిలబడిన చెట్టు కంటే పడిన చెట్టే ఎక్కువ. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏళ్ళు పడుతుంది. అందుకని ఆ ఒక్క రాత్రి మా ఇళ్ళలో చాలా ఏళ్ళపాటు సాగింది. జనవరిలో సముద్రం ఎంత నెమ్మదిగా ఉన్నా మా అమ్మకు ఆ నవంబరే కనిపిస్తుంది.

కాబట్టి ఫోను లేకుండా వెళ్ళదలచుకున్నవారు పెద్దవాళ్ళతో ఆ సంగతి ముందే కూర్చుని చెప్పాలి. ఎక్కడ ఉంటారు, ఎవరి తోటలో ఉంటారు, ఎన్నో రోజు ఏ పూటకు తిరిగి వస్తారు అన్నది నోటితో చెప్పి, కాగితం మీద రాసి ఇవ్వాలి. వాళ్ళకు కావలసింది మీ ఫొటోలు కాదు, మీరు ఫలానా పూట భోజనానికి వస్తారన్న నమ్మకం.

లెక్కల మాస్టారు (అమలాపురం)

నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. ఉప్పుగాలి గారు నీరు వెనక్కి తీసిన సాయంత్రం గురించి రాశారు కాబట్టి, ఫోనులో చూడకుండానే ఆటుపోట్లు తెలుసుకునే పద్ధతి ఒకటి చెబుతాను. మన తీరంలో రోజుకు రెండు పోట్లు (నీరు ఒడ్డుకు ఎక్కడం), రెండు ఆట్లు (నీరు వెనక్కి తీయడం) వస్తాయి. ఒక పోటుకూ తరువాతి పోటుకూ మధ్య సుమారు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. అందువల్ల ఈ రోజు వచ్చిన పోటు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకు, పౌర్ణమికి పోటు బలంగా ఉంటుంది, అష్టమి ప్రాంతంలో బలహీనంగా ఉంటుంది. చంద్రుడి తిథిని బట్టి పోటు వేళ నడుస్తుంది కనుక, మా జాలరులు గడియారం చూడకుండా తిథి చెప్పి వేళ చెప్పగలరు. వెళ్ళిన రోజు ఒక పెద్దాయనను అడిగి పోటు వేళ తెలుసుకుని, రోజుకు 50 నిమిషాలు కలుపుకుంటూ పోతే మిగిలిన రోజుల లెక్క మీ చేతిలోనే ఉంటుంది.

అంతర్వేదికి వెళ్ళేవారికి ఒక హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర నది నీటికీ సముద్రపు నీటికీ రంగు తేడా స్పష్టంగా కనిపిస్తుంది, చూడటానికి అందంగా ఉంటుంది. నీరు తీసే వేళ అక్కడ నది ప్రవాహమూ ఆటూ ఒకే దిక్కుకు లాగుతాయి. మోకాలి లోతులో నిలబడినా కాళ్ళ కింద ఇసుక జారిపోతుంది. అక్కడ ఒడ్డున నిలబడి చూడండి, లోపలికి దిగకండి. మిగతా తీరంలోనైనా నీరు లోపలికి లాగితే ఎదురు ఈదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. లాగుడు తగ్గిన చోట ఒడ్డు వైపు తిరగవచ్చు.

జనవరి నుంచి మార్చి వరకు మన తూర్పు తీరంలో చాలాచోట్ల ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రివేళ గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు ఎక్కుతాయి. వెలుతురు చూస్తే బెదిరి వెనక్కి పోతాయి. ఫోను వెంట లేకపోతే దాని టార్చీ కూడా ఉండదు కదా, అది వాటికి మీరు చేసే మేలు.

భీమిలి బాట (విశాఖపట్నం)

నా అభిప్రాయం వేరు. ముందు సముద్రమే అని నేను గట్టిగా చెబుతాను, కారణం కూడా చెబుతాను. రెండేళ్ళ కిందట మేము మొదట విజయనగరంలో మా అమ్మానాన్నల దగ్గర మూడు రోజులు ఉండి, తరువాత భీమిలి వెళ్ళాము. పొలం గొడవలు, చెల్లెలి పెళ్ళి సంబంధం, పెదనాన్నగారి ఆపరేషను, ఇవన్నీ మూట కట్టుకుని వెళ్ళినట్టయింది. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట కూర్చుని కూడా మేము పొలం సరిహద్దు గురించే మాట్లాడుకున్నాము.

మరుసటి ఏడు తిరగేసి చూశాము. మొదట భీమిలిలో మూడు రోజులు గడిపాము. భీమిలి 1861లోనే పురపాలక సంఘం అయిన ఊరు, డచ్చివారి పాత సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి పాత ఊళ్ళో నడిచేవాడికి తొందర ఉండదు. ఒకరోజు పొద్దున్నే ఎర్రమట్టి దిబ్బలకు వెళ్ళి, ఎండ ఎక్కకముందే తిరిగి వచ్చాము. అన్నిటికంటే బాగా గుర్తున్నది అలివి వల లాగడం. రెండు తాళ్ళకు రెండు బారులుగా నిలబడి, ఒక్క పాటకు ఒక్క అడుగు చొప్పున వెనక్కి వేస్తూ వాళ్ళు లాగుతూ ఉంటే, ఖాళీగా నిలబడటం సిగ్గనిపించి నేనూ ఒక తాడు పట్టుకున్నాను. అరచేతులు కమిలిపోయాయి. వల ఒడ్డు చేరాక చూస్తే ఎక్కువగా నెత్తళ్ళే, గట్టిగా రెండు గంపలు. తాడు పట్టానని ఒకావిడ దోసెడు నెత్తళ్ళు మా ఆవిడ చేతిసంచిలో వేసింది. ఆ తరువాత అమ్మానాన్నల దగ్గరకు వెళితే, అవే పొలం గొడవలను ఓపికగా వినగలిగాను.

అయితే నా తప్పు కూడా ఇక్కడే చెప్పాలి. ఆ మూడు రోజులూ మేము ఎక్కడ ఉన్నామో ఎవరికీ చెప్పలేదు. రెండోరోజు రాత్రి నాన్నకు జ్వరం తలకెక్కి, అమ్మ ఒక్కతే ఆటో మాట్లాడుకుని ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. నాకు నలభైసార్లు ఫోను చేసిందట. నాన్న కోలుకున్నారు, నన్నెవరూ ఒక్క మాట అనలేదు. కానీ ఫోను తెరిచినప్పుడు వరుసగా కనిపించిన ఆ పిలుపుల పట్టీ నేను మరచిపోలేను.

డల్లాస్ తెలుగు (అమెరికా)

మా పరిస్థితి ఇంకొక రకం. ఏడాదికి ఒకసారి మూడు వారాల సెలవు మీద వస్తాము. నా వైపువాళ్ళు నరసాపురంలో, మా ఆవిడ వైపువాళ్ళు గుంటూరులో ఉన్నారు. ఇరవై ఒక్క రోజుల్లో పద్దెనిమిది రోజులు భోజనాలకే సరిపోతాయి. మేమిద్దరమూ కలిసి ఒక పూట నడిచినది విమానాశ్రయంలోనే అంటే నమ్మండి. ఈసారి కాలేజీలో చదివే మా పిల్లలు రావడం లేదు. రెండు రోజులైనా పేరుపాలెం సముద్రతీరం వైపు వెళ్ళి ఫోన్లు లేకుండా ఉండాలని ఆశగా ఉంది. కానీ చలికాలంలో అక్కడికీ ఇక్కడికీ పదకొండున్నర గంటల తేడా. పిల్లలు మెలకువగా ఉండే వేళకు మాకు అర్ధరాత్రి. ఏదైనా అవసరం వస్తే ఎలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఉప్పుగాలి (హైదరాబాదు)

భీమిలి బాట గారూ, మీ నాన్నగారి సంగతి చదివి మనసు కలుక్కుమంది. మాకు ఆ ఇబ్బంది రాకుండా కాపాడింది నా తెలివి కాదు, పెద్దమావయ్యగారి ముందుచూపు. ఆయన తన బటన్ల ఫోను నంబరును నాలుగు చీటీల మీద రాయించారు. ఒకటి మా అమ్మకు, ఒకటి ఆఫీసులో నా తోటి ఉద్యోగికి, ఒకటి మా పక్క ఫ్లాటువారికి బయలుదేరకముందే అందాయి. నాలుగోది నా చొక్కా జేబులో ఉంది. నా చెయ్యి ఊరికే వెళ్ళే ఆ జేబే. ఎవరికి అవసరమైనా ఆయనకు ఫోను చేస్తారు, ఆయన సైకిలు మీద ఎవరినైనా తోటకు పంపుతారు. తోట కాపలాదారు దగ్గర కూడా ఫోను ఉంది కనుక 108కి పిలవవలసి వస్తే అడ్డంకి లేదు.

డల్లాస్ తెలుగు గారికి నా సలహా కూడా ఇదే. నరసాపురంలోని మీ ఇంటి పెద్దవారి నంబరు పిల్లలకు ఇచ్చి, రోజుకు ఒక్కసారి, మీకు ఉదయం ఏడున్నరకు, వాళ్ళకు రాత్రి ఎనిమిదికి, ఆ ఇంటికి వాళ్ళు ఫోను చేసేలా ఏర్పాటు చేసుకోండి. పేరుపాలెం మీకు దగ్గరే. అయితే కార్తీకమాసంలోనూ ఆదివారాల్లోనూ అక్కడ జనం కిటకిటలాడుతారు. సోమ, మంగళవారాలు చూసుకోండి.

ఫోను లేనప్పుడు ముందుగా దెబ్బ తగిలేది డబ్బు దగ్గర. ఇప్పుడు కొబ్బరిబొండాం బండి దగ్గర కూడా క్యూఆర్ కోడే ఉంటోంది. అయిదు వందల నోటిస్తే చిల్లర లేదంటారు. మేము పదులు, ఇరవైలు, యాభైలు బ్యాంకులో మార్చుకుని తీసుకువెళ్ళాము. రైలు టికెట్లు కౌంటరులో కొన్నాము కనుక గుర్తింపు కార్డు ఉంటే సరిపోయింది. ఒక చేతిగడియారం, ఒక టార్చిలైటు, ఒక దోమతెర. ఈ మూడోది మరచిపోతే తోటలో నిద్ర లేనట్టే.

నెమలికన్ను (హనుమకొండ)

ఇంతమంది రాశారు కానీ, ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. చుట్టాలింటికి వెళ్ళడం అనేది భర్తకు విశ్రాంతి, భార్యకు వంటగది. ఉప్పుగాలి గారు వెళ్ళింది తన భార్య పెద్దమ్మగారింటికి, అక్కడ ఆవిడ కూతురు. అదే అత్తవారి వైపు ఇల్లయితే కథ వేరుగా ఉంటుంది. మేము కిందటి వేసవిలో బాపట్లలో మా ఆడపడుచు ఇంట్లో ఆగి సూర్యలంక వెళ్ళాము. ఇంట్లో పదిహేనుమంది ఉన్నారు. నేను రెండు రోజులు రొయ్యలు ఒలిచి, గిన్నెలు కడిగి, సముద్రం దగ్గరకు వెళ్ళేసరికి నడుము పట్టేసి ఇసుకలో పడుకున్నాను. ఆయనకు మాత్రం హాయిగా ఉంది, రోజూ సాయంత్రం తోటలో పేకాట. ఆయన చెడ్డవారు కారు, చూడలేదు, అంతే.

కాబట్టి ముందు సముద్రమా, ముందు చుట్టాలా అన్నదానికంటే, ఆ చుట్టాలింట్లో ఎవరు ఏ పని చేస్తారన్నది ముందు తేల్చుకోవాలి. ఫోను పక్కన పెట్టిన చేతులు వంటింట్లోకి రావచ్చు కదా.

రాజోలు ఆడపడుచు (బెంగళూరు)

నెమలికన్ను గారూ, మీ మాట అక్షరాలా నిజం. మా ఇంటికి అల్లుళ్ళు వస్తే అమ్మ నాలుగింటికే లేస్తుంది. కంద బచ్చలి కూర, పనసపొట్టు, బొమ్మిడాయిల పులుసు, పొట్టిక్కలు, సున్నుండలు, ఒక్క పూటకు ఇన్ని. ఆకలి తీరడానికి ఇందులో సగం చాలు, మిగిలిన సగం పరువు కోసం. వెళ్ళేవాళ్ళు ముందే "అత్తయ్యా, ఒక్క పులుసు చాలు, రాత్రి వండినదే మర్నాడు తింటాం" అని చెప్పి, నిజంగా అదే తినాలి. చేపల పులుసు మర్నాటికే రుచి అని ఆవిడకూ తెలుసు.

భీమిలి బాట (విశాఖపట్నం)

ఈ చర్చ చదివాక నా మాటను కొంత సవరించుకుంటున్నాను. మోయవలసిన గొడవలున్న ఇంటికి సముద్రం చూసి వెళ్ళాలి, అన్నం పెట్టి పంపే ఇంటికి ముందు వెళ్ళాలి. ఏ ఇల్లు ఎలాంటిదో వెళ్ళేవారికే తెలుస్తుంది. చీటీల ఆలోచన మాత్రం ఈ రోజే అమలు చేస్తున్నాను. ఉగాదికి మళ్ళీ భీమిలి వెళుతున్నాము. పక్కింటి మాస్టారి నంబరు అమ్మకు, అమ్మ నంబరు మేము దిగే ఇంటివారికి ఇచ్చాను.

ఉప్పుగాలి (హైదరాబాదు)

నెమలికన్ను గారు రాసింది నా భార్యకు చదివి వినిపించాను. "మా పెద్దమ్మ ఇంట్లో కూడా నేను పొద్దున్న పదకొండు వరకు వంటింట్లోనే ఉన్నాను, మీరు మావయ్యతో దింపు చూడటానికి తోటకు వెళ్ళారు, గుర్తుందా" అని అడిగింది. గుర్తుంది. దింపు మనిషి నడుముకు కత్తి దోపుకుని చెట్టెక్కి, ఒక్కొక్క గెలనూ వేలితో తట్టి చూసి కోయడం నేను గంటసేపు చూసి, వచ్చి ఆవిడకు గొప్పగా వర్ణించాను. ఆవిడకు చూడాలని ఉండేదని ఇప్పుడే తెలిసింది. వచ్చేసారి తెల్లవారగానే ఇద్దరమూ తోటకు వెళ్ళి, తిరిగి వచ్చాక ఇద్దరమూ వంటింట్లో కూర్చుంటామని పెద్దత్తయ్యగారికి ఉత్తరం రాసింది. ఫోనులో చెబితే ఆవిడ ఒప్పుకోరట.

చివరిరోజు సంగతి రాయడం మరచాను. మధ్యాహ్న భోజనానికి వస్తామని చెప్పి ఒంటిగంటకు ఆ ఇంటి గడప తొక్కాము. పెద్దత్తయ్యగారు విస్తళ్ళు వేసి కూర్చుని ఉన్నారు. భోజనం అయ్యాక కొంగుముడి విప్పి తాళంచెవి ఇవ్వబోతే, మా ఆవిడ "పంటు ఎక్కే ముందు తీసుకుంటాంలే పెద్దమ్మా" అని ఆ ముడి మళ్ళీ వేసేసింది.

మాస్టారుగారికి ఒక విన్నపం. మాఘపౌర్ణమి తరువాత వచ్చే అష్టమికి నీరు ఎంతవరకు తీస్తుందో, సాయంత్రం ఆటు వేళ ఎప్పుడో అక్కడివారిని అడిగి చెప్పగలరా? ఆ ఇసుక ఉండలను ఈసారి పెద్దత్తయ్యగారికి చూపించాలని మా ఆవిడ అంటోంది. పాతికేళ్ళుగా ఆవిడ ఆ ఒడ్డుకు వెళ్ళలేదట.

లెక్కల మాస్టారు (అమలాపురం)

ఆదివారం నేనే అంతర్వేది వెళుతున్నాను, రేవు దగ్గర అడిగి సోమవారం ఇక్కడ రాస్తాను. అష్టమికి నీరు ఎక్కువ దూరం తీయదు. ఆవిడ కోసమైతే అమావాస్య దాటిన మరునాడు చూసుకోండి, తడి ఇసుక మేర వెడల్పుగా ఉంటుంది, నడవడానికి గట్టిగానూ ఉంటుంది.